ఆయనేమంటన్నాడంటే

పానకాలుకు మాట పోయి నాలుగేళ్లయింది. అంతకు ముందు ఆ నోటికి ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ జడిసేవి. మిరపకల్లంలో నిలబడి ఆయన ఒక కూలీని పిలిస్తే, మూడు చేల అవతల పత్తి తీస్తున్న ఆడవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. మంచిమాట చెప్పినా తిట్టినట్టే ఉండేది. ఇక నిజంగా తిట్టాడంటే, తిట్లు తిన్నవాడు వారం పాటు ఆ వీధిన నడిచేవాడు కాదు. కాకపోతే, ఆయన తిట్టి పంపిన ప్రతివాడి వెనకాలా ఆయన భార్య సుబ్బరావమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్లేది. "ఎండన పడొచ్చావు గదా అబ్బాయ్, కాసిని మజ్జిగ తాగి పొమ్మంటన్నాడు ఆయన" అనేది. ఆయన ఆ మాట అనలేదని ఆమెకూ తెలుసు, తాగేవాడికీ తెలుసు. అయినా తాగేవాడు, మర్నాడు పనిలోకి వచ్చేవాడు. ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఆ ఇంట్లోంచి బయటికెళ్లిన మాటలన్నీ సుబ్బరావమ్మ చేతిలో ఒకసారి కడుక్కునే వెళ్లాయి.

నాలుగేళ్ల కిందట అదే కల్లంలో, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లను ఏదో అనబోయి, ఆ అనబోయిన మాట నోట్లో ఉండగానే పానకాలు పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా ఒక విధంగా నయమయ్యేది. అరుపుకూ మూలుగుకూ మధ్య ఏదో ఒకటి మిగిలిపోయింది. "లోపల ఆయనకన్నీ తెలుసమ్మా, బయటికి రావడం లేదంతే" అన్నాడు గుంటూరు డాక్టరు. ఒక్కతే కూతురు మాధవీలత తల్లిదండ్రులిద్దరినీ తెచ్చి బ్రాడీపేటలో తాముండే మేడమీది పోర్షన్లో పెట్టుకుంది.

అక్కడ సుబ్బరావమ్మ తన పాత ఉద్యోగంలోనే మళ్లీ చేరింది. మంచం మీంచి పానకాలు ఏదో ఒకటి అనేవాడు. ఆమె కూర తరుగుతూ తలైనా ఎత్తకుండా, "మజ్జిగలో ఉప్పు తగ్గిందంట" అనేది. మాధవీలత ఉప్పేసి కలిపి తెచ్చేది. ఇంకోసారి ఇంకోటి అనేవాడు. "అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు." తిన్నాను నాన్నా అనేది మాధవీలత. ఆయన ఊఁ అనేవాడు. నోరు తెరిస్తే బూతు తప్ప రాని మనిషికి జబ్బు చేశాక ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందా అని మాధవీలత ఒక్కోసారి కళ్లు తుడుచుకునేది. చూడవచ్చిన చుట్టాలు ఆయన్ని కాసేపు చూసి, సుబ్బరావమ్మను మాత్రం తనివితీరా చూసి వెళ్లేవాళ్లు. మొగుడి గొంతులో గరగర కూడా అర్థమయ్యే పెళ్లాం ఉండటం ఎన్ని జన్మల పుణ్యమో అనుకునేవాళ్లు.

ఆ సుబ్బరావమ్మ మాఘమాసంలో ఒకరోజు పొద్దున నిద్ర లేవలేదు.

పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి పానకాలు అన్నం ముద్ద నోటి దగ్గర పెడితే ఎడంచేత్తో తోసేయడం మొదలుపెట్టాడు. తోసేసి ఒకటే మాట అనేవాడు. "లాయ్ గాబే." చివర్న కాస్త పైకి లేపి, అడుగుతున్నట్టుగా. మాధవీలత రాత బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టి, తోచినవన్నీ రాసుకుని ఒక్కొక్కటే అడిగింది. గేదెల గాబు గురించా? గాబరాగా ఉందా? కౌలుకిచ్చిన పొలమా? అమ్మ బూడిద ఎక్కడ కలిపామనా? అది కాదని చెప్పడానికి ప్రతిసారీ ఆయన ఎడంచేత్తో నుదురు కొట్టుకునేవాడు. బతిమాలి పట్టిన పాలతోనే నెట్టుకొస్తుంటే, నెల తిరిగేసరికి నుదుటి మీద అరచెయ్యంత మేర కమిలిపోయింది, మనిషి మంచానికి అంటుకుపోయాడు.

బుధవారంనాడు డాక్టరు చూసి, "సోమవారం దాకా ఆగుదాం. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే" అన్నాడు.

ఆ గొట్టం సంగతి మాధవీలతకు తెలుసు. జబ్బు చేసిన కొత్తల్లో ఒకసారి వేశారు. రెండుసార్లు పీకేసుకున్నాడు. మూడోసారి వేశాక బాగున్న ఆ ఒక్క చేతినీ గుడ్డపీలికతో మంచం కోడుకు కట్టేశారు. తొమ్మిది రోజులు అలాగే ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ ఆయన చూసిన చూపు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. సోమవారం లోపల ఆ మాటేదో తెలియాలి. తెలిస్తే అదేదో చేసి పెడుతుంది, ఆయన తింటాడు. ఇంటికొస్తూ ఆటోలో ఆమె అనుకున్నది ఇదొక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది పెన్‌డ్రైవ్.

రెండేళ్ల కిందట కింది పోర్షన్లో స్తుతి అనే అమ్మాయి ఎంటెక్ చదువుతూ అద్దెకుండేది. చదువు చివర ఏదో ఒక ప్రాజెక్టు చేయాలి. వీళ్ల ఇంట్లో జరిగే వింత రోజూ చూస్తోంది గనుక దాన్నే ప్రాజెక్టు చేసుకుంది. పానకాలు అన్నదాన్నీ, దానికి సుబ్బరావమ్మ చెప్పిన అర్థాన్నీ జతలు జతలుగా రికార్డు చేసి, వాటితో కంప్యూటర్‌కు నేర్పింది. ఇకపైన ఆయన మాట్లాడితే అదే అర్థం చెప్పేస్తుందంది. కాలేజీలో మంచి మార్కులొచ్చాయి, బెంగళూరులో ఉద్యోగమూ వచ్చింది. వెళ్లేటప్పుడు ప్రోగ్రామూ దానికి కావలసినవీ అన్నీ ఒక కంటైనర్‌లో కట్టి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపోయింది. "ఆవకాయ జాడీ లాంటిదక్కా ఇది. కారం, నూనె, ముక్క అన్నీ లోపలే ఉంటాయి. ఏ ఇంట్లో మూత తీసినా అదే రుచి" అంది. అమ్మ ఉండగా యంత్రమెందుకని మాధవీలత దాన్ని పసుపు డబ్బా వెనక పడేసింది.

మాధవీలతకు కంప్యూటర్ కొత్త కాదు. బ్రాడీపేట కోచింగ్ సెంటర్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసి పెట్టడం ఆమె జీవనం. ఇంట్లో ఉన్న సిస్టమ్ ఎనిమిదేళ్లనాటిది. ప్రశ్నపత్రాలు కొట్టడానికి అది ఏనుగంత. గురువారం మధ్యాహ్నం అందులో స్తుతి జాడీ మూత తీసింది. కంటైనర్ లేచింది. అరనిమిషం తిరిగింది. పడిపోయింది. మళ్లీ లేపింది, మళ్లీ పడింది. పడిన ప్రతిసారీ ఒకటే అంకె చూపించింది, నూట ముప్పై ఏడు. కాల్మనీ వడ్డీల వాళ్లక్కూడా ఇంత పట్టుదల ఉండదు.

స్తుతికి ఫోను చేసింది.

"నూట ముప్పై ఏడంటే అది తనంతట తను పడిపోలేదక్కా, సిస్టమే చంపేసింది" అంది స్తుతి. "మోడల్, అంటే అది నేర్చుకున్నది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కాలి. నీ సిస్టమ్‌లో ఉన్నదే ఎనిమిది జీబీ. అందులో కంటైనర్ల వాటా సగం. ఎక్కడ సరిపోతుంది?"

"ఏ ఇంట్లో తీసినా అదే రుచి అన్నావు గదే!"

"జాడీ పట్టేంత అలమర ఉండాలి గదక్కా" అంది స్తుతి చిన్నగా.

సాయంత్రం కంప్యూటర్లు బాగుచేసే అష్రఫ్ కొట్టుకెళ్లి, అంత పాత బోర్డుకు సరిపడే ర్యామ్ ముక్క వెతికించి తెచ్చింది. కంటైనర్‌కు ఎంత వాటా ఇవ్వాలో ఒక చిన్న ఫైల్లో రాయాలని స్తుతి ఫోన్లో చెప్పింది, మాధవీలత రాసింది. శుక్రవారం పొద్దున మళ్లీ లేపింది. ఈసారి పడలేదు. ఆ ముసలి సిస్టమ్ మీద మోడల్ ఎక్కడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పదకొండు నిమిషాలూ ఆమె ఆ తిరిగే చుక్కల్నే చూస్తూ కూర్చుంది. పక్కగదిలోంచి రెండుసార్లు "లాయ్ గాబే" అని వినిపించింది. "వస్తన్నా నాన్నా, కాసేపాగు, ఇవాళ చెప్తాను" అని ఇక్కణ్ణుంచే అరిచింది. నడుస్తోందని పచ్చ గుర్తు వచ్చింది. తీరా పేజీ తెరిస్తే తెల్లగా, ఖాళీగా, చేరుకోలేకపోతున్నామని ఒక్క ముక్క.

మళ్లీ ఆపింది, మళ్లీ లేపింది, మళ్లీ పదకొండు నిమిషాలు. అదే తెల్ల పేజీ. మళ్లీ ఇంకోసారి. కంటైనర్ రాసుకునే చిట్టా తెరిచి చూస్తే అక్కడ తప్పన్నదే లేదు. లేచాను, సిద్ధంగా ఉన్నాను, వింటున్నాను అని అది నిక్షేపంగా రాసుకుంటోంది.

అప్పుడే కోల్డ్ స్టోరేజీ నుంచి భోజనానికి వచ్చాడు ఆమె భర్త శివరామకృష్ణ. మిర్చి సీజను, రోజూ బస్తాలు దించుకునీ దించుకునీ కళ్లు మంకెనపువ్వుల్లా ఉన్నాయి. వీధిలోంచి వస్తున్న ఘాటు చాలదన్నట్టు, ఆయన చొక్కా విప్పితే ఇల్లంతా తుమ్ములు.

"ఒక మనిషి మాట వినడానికి ఇన్ని వైర్లేందే?" అన్నాడు. "మామయ్య బతికున్నంత కాలం వద్దన్నా వినపడేవాడు."

"బతికే ఉన్నాడు" అంది మాధవీలత.

ఆయన నాలుక కరుచుకుని, కూర్చుని అన్నం కలుపుకున్నాడు. మంచివాడే. నోటికీ బుర్రకూ మధ్య దూరం కొంచెం తక్కువ, అంతే.

సాయంత్రం ఆఫీసు మధ్యలో తీరిక చేసుకుని స్తుతే ఫోను చేసింది. చిట్టాలో మొదటి నాలుగు వరసలు చదివించుకుని వెంటనే పట్టేసింది. "అది లోపల తన గదికి మాత్రమే చెప్పుకుంటోందక్కా. మోడల్ బానే ఉంది, మాట్లాడుతోంది కూడా. బయటి గుమ్మం వైపు తిప్పలేదు నేను. నా లాప్‌టాప్‌లో అక్కర్లేకపోయింది. ఆ లోపలి చిరునామా తీసేసి నాలుగు సున్నాలు పెట్టు, బయటికి వినపడుతుంది."

మాధవీలత వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. లోపల అన్నీ తెలుసు, బయటికి రావడం లేదంతే. నాలుగేళ్ల కిందట డాక్టరు అన్నదీ ఇదే. ఈ డబ్బాకు నాలుగు సున్నాలు పెడితే సరిపోతుందట. ఆమెకు కంప్యూటర్ మీద అసూయ పుట్టింది.

శనివారం పేజీ తెరుచుకుంది. తెరుచుకుని, మోడల్ ఫైలు లేదు పొమ్మంది. ఫైలు ఉన్న ఫోల్డరు కంటి ముందే ఉంది. తెలుగు టైపుతో బతికే మనిషి గనుక ఆ ఫోల్డరుకు ముందు రోజు రాత్రి ముచ్చటపడి ‘నాన్న గొంతు’ అని తెలుగులో పేరు మార్చుకుంది. మధ్యలో ఖాళీ కూడా వదిలింది. కంటైనర్ ఆ పేరు అందుకోలేక ఉత్త గదిలోకి తొంగిచూసి వస్తోంది. ఇది తెలుసుకోవడానికి పొద్దు వాలిందాకా పట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు మధ్యలో రెండు గంటలు కరెంటు పోయింది. ఆ రోజు పానకాలు నోట్లోకి వెళ్లింది మొత్తం మీద నాలుగు చెంచాల నీళ్లు.

ఆదివారం పన్నెండు దాటాక అన్నీ కుదిరాయి. కంటైనర్ లేచింది, పేజీ తెరుచుకుంది, మోడల్ ఎక్కింది. మాధవీలత మైకు వైరును పొడుగు చేసి తండ్రి మంచం దాకా లాగింది. గది గుమ్మంలోంచి తెర కనిపించేలా మానిటరును ఇటు తిప్పింది. నెల రోజుల్లో మొదటిసారి ఆమె చేతులకు హుషారొచ్చింది. పెరుగన్నం మెత్తగా పిసికి గిన్నెలో తెచ్చి పక్కన పెట్టుకుంది.

"నాన్నా, ఇప్పుడను."

పానకాలు మైకు వంక చూశాడు. ముద్దను తోసేశాడు. "లాయ్ గాబే?"

తెర మీద చుక్కలు తిరిగాయి. ఆ తర్వాత ఒక్కొక్క అక్షరమే వచ్చి వరసలో నిలబడింది.

‘అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు.’

మాధవీలత బావురుమంది. అర్థం తెలిసినందుకు కాదు. ఆ ‘అంటన్నాడు’ అచ్చంగా తన తల్లిది. స్తుతి ఆ మాటలను ఉన్నవున్నట్టు టైపు చేసినట్టుంది. చచ్చి నలభై రోజులైన మనిషి వంటింట్లోంచి తలెత్తకుండా అన్నట్టుగానే ఉంది. ఇందుకా నాన్న తినకుండా కూర్చున్నది? నేను తిన్నానో లేదో తెలియకా? ఆమె కళ్లు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చి, "తిన్నాను నాన్నా. కడుపునిండా తిన్నాను. ఇంక నువ్వు తిను" అంది.

పానకాలు ఎడంచేత్తో నుదురు కొట్టుకున్నాడు. ఈసారి గట్టిగా. "లాయ్ గాబే!"

‘అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు.’

"తిన్నానని చెప్తన్నా గదా నాన్నా!"

"లాయ్... గాబే!"

‘కాసిని మజ్జిగ కావాలంట.’

మజ్జిగ తెచ్చింది. ఆయన గ్లాసు విసిరికొట్టాడు. అది గోడకు తగిలి మంచం కిందికి దొర్లింది. ఆ చప్పుడుకు తెర మీద చుక్కలు మళ్లీ తిరిగాయి. ‘అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు.’

మాధవీలత కదలకుండా నిలబడిపోయింది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. ‘అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు.’ కింద వీధిలో మిర్చి యార్డుకు పోయే లారీ ఒకటి హారన్ కొట్టింది. ‘ఫ్యాను తగ్గించమంటన్నాడు.’

మైకు చెడిపోయిందనుకుంది. నాలుగు రోజులుగా అన్నీ అలాంటి రోగాలే గనుక ఇదీ అలాంటిదే అనుకోవాలనిపించింది. మైకు మార్చింది. కంటైనర్‌ను ఆపి లేపింది, పదకొండు నిమిషాలు కూర్చుంది. మళ్లీ కుక్కరు కూతకు అది మజ్జిగ అడిగింది. అప్పుడు స్తుతికి ఫోను చేసి జరిగిందంతా వరసగా చెప్పింది.

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"సెట్టింగుల్లో తప్పేం లేదక్కా" అంది స్తుతి. "అది నేర్చుకున్నదే అంత. మొత్తం పదకొండు వందల నలభై రికార్డులు. అన్నింటికీ కలిపి ఆంటీ చెప్పిన వాక్యాలు నలభై మూడే. అందులో సగం పైగా అమ్మాయి అన్నం తిన్నదా అనే. ఏం తోచకపోతే అది అదే అనేస్తుంది."

"మరి పరీక్షల్లో తొంభై శాతం కరెక్టని చూపించావు?"

"ఆంటీ ఏం చెప్పుంటారో అది తొంభై శాతం కరెక్టుగా చెబుతుంది." స్తుతి గొంతు తగ్గించింది. "ఒక సంగతి అప్పుడే కనిపెట్టానక్కా. అంకుల్ ఒకే మాటను మూడు రోజులు మూడుసార్లంటే, ఆంటీ మూడు అర్థాలు చెప్పారు. సందర్భాన్ని బట్టేమోలే అనుకున్నా. గట్టిగా అడగలేదు. సబ్మిషన్ దగ్గరపడింది. ఆంటీని అనుమానిస్తే కళ్లుపోతాయనిపించింది. మనందరం ఆంటీకి తెలుసనే అనుకున్నాం గదా."

నిజమే. అందరూ అలాగే అనుకున్నారు. ఆ ఇంటి మాట సుబ్బరావమ్మ నోటి నుంచి వస్తేనే మాట. కోడలుగా వచ్చిన నాటి నుంచీ అంతే. మొగుడి పేరు కూడా ఏనాడూ పలకని మనిషి, మొగుడి మాటలన్నీ తనే పలికింది. ఆమె చెప్పింది ఆయన అన్నాడో లేదో ఎవరైనా ఆయన్ని అడిగారా? మజ్జిగ తాగినవాడు అడగలేదు. కన్నకూతురు అడగలేదు. చివరికి కంప్యూటర్ కూడా అడగకుండానే నేర్చుకుంది.

పెన్‌డ్రైవ్‌లో కత్తిరించని పాత రికార్డులు ఇంకో ఫోల్డర్లో ఉన్నాయని స్తుతి చెప్పింది. బటన్ నొక్కడం నేర్పి సుబ్బరావమ్మ చేతికే ఫోనిచ్చి వెళ్లేదట. ఆపడం మరిచిపోయి గంటలు గంటలు నడిచినవి కొన్ని ఉన్నాయట, మొదటి ముక్కలు కోసుకుని మిగిలింది తను వినలేదట. మాధవీలత వాటిని ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గుమ్మంలోంచి తండ్రి పాదాలు కనిపిస్తున్నాయి.

వింటుంటే తెలిసిపోతోంది. పానకాలు ఒక మాట అంటాడు. అది పూర్తి కాకముందే తల్లి అర్థం చెప్పేస్తుంది. ఆయన కాదన్నట్టు మళ్లీ అంటాడు. ఆమె అదే అర్థాన్ని ఇంకొంచెం గట్టిగా చెబుతుంది. ఆయన మూడోసారి అంటాడు, అరుస్తాడు. ఆమె "ఆఁ ఆఁ, అదే, అదే చెప్తన్నా" అంటుంది. ఆ తర్వాత ఆయన ఊఁ అంటాడు. అన్ని రికార్డుల్లోనూ చివరికి ఆ ఊఁ ఉంది. ఇన్నాళ్లూ మాధవీలత దాన్ని అవుననుకుంది.

ఏడో రికార్డులో నలభై నిమిషాల తర్వాత, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో మంచం మీద కూర్చున్న కిర్రు వినిపించింది. సుబ్బరావమ్మ గొంతు, మాధవీలత ఎప్పుడూ విననంత చిన్నగా.

"నాకు తెలియటల్లేదయ్యా. నువ్వేమంటన్నావో ఒక్క ముక్క తెలియటల్లేదు. మొదట్నించీ అంతే. నోటికొచ్చింది చెప్తన్నా. పిల్ల ఆ మొహం వేసుకుని నిలబడితే చూడలేక చెప్తన్నా. నువ్వట్టా తల బాదుకుంటే అది భయపడతంది. బెంగపెట్టుకుంటంది. నేనేదో ఒకటంటా. నువ్వు ఊఁ అను. అంతే. ఏం? ఊఁ అంటావా?"

ఆ తర్వాత పానకాలు ఏదో అన్నాడు. పొడుగ్గా, మెల్లగా, ఆగి ఆగి అన్నాడు. ఆయన జన్మలో అంత మెత్తగా ఎవరితోనూ మాట్లాడి ఉండడు. అందులో మాటలున్నాయి. ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అర్థం కాదు.

"తెలియటల్లేదయ్యా" అంది సుబ్బరావమ్మ, ఏడుస్తూ.

"ఊఁ" అన్నాడు పానకాలు.

మాధవీలత దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వింది. ఆ పొడుగాటి మాటల్ని తీసి కంటైనర్‌కు వినిపించింది. బుద్ధి లేక కాదు, ఇంకేం చేయాలో తెలియక. చుక్కలు తిరిగాయి. ‘అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు’ అంది తెర. ఆమెకు తల్లి మీద పట్టలేనంత కోపం వచ్చింది. అంత కోపమూ నిమిషం నిలవలేదు. తన మొహం చూడలేకే గదా అమ్మ ఆ పని చేసింది. తన కోసం ఒకావిడ మూడేళ్ల పైగా అబద్ధాలాడింది, ఒకాయన చెప్పదలచుకున్నదంతా మింగి ఊఁ అన్నాడు. అమ్మ పోగానే ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారన్నా ఎవరైనా వింటారేమోనని.

సోమవారం పొద్దున శివరామకృష్ణ సెలవు పెట్టి, పది గంటలకు ఆటో రమ్మన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన కాగితాలు సంచిలో సర్దాడు. ఆ కాగితాల మీదే మెత్తటి పాత పంచె ముక్క ఒకటి మడతపెట్టి ఉంచాడు. అదెందుకో మాధవీలత అడగలేదు.

ఆమె పెరుగన్నం గిన్నె పట్టుకుని వెళ్లి మంచం మీద కూర్చుంది. కిర్రుమంది. రాత్రి నుంచి ఏవేవో చెప్పాలనుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరే.

"నాకు తెలియటల్లేదు నాన్నా. అమ్మకీ తెలియలేదంట గదా. ఎవరికీ తెలియదింక. నేను చెయ్యగలిగిందంతా చేశాను. ఆ గొట్టం వద్దు నాన్నా. ఒక్క ముద్ద."

పానకాలు ఆమె మొహంలోకి చూశాడు. కమిలిన నుదురు కింద కళ్లు చాలా స్పష్టంగా ఉన్నాయి. అర్థం కాని పిల్లకు లెక్క చెప్పినట్టు, ఒక్కొక్క ముక్కా విడదీసి అన్నాడు. "లాయ్. గా. బే."

ఏ మొహం చూడలేకపోయిందో తల్లి, ఆ మొహమే ఆమెకు వచ్చేసి ఉంటుంది.

"తిన్నాను నాన్నా" అంది.

ఆయన చెయ్యి నుదుటి దాకా లేచింది. లేచి, కొట్టుకోకుండా, మెల్లగా దుప్పటి మీదికి దిగింది.

"ఊఁ" అన్నాడు. నోరు తెరిచాడు.

ఎనిమిది ముద్దలు తిన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న శివరామకృష్ణ ఆగలేకపోయాడు. "పనిచేసిందే నీ కంప్యూటరు! నేనేమో వైర్లని వెటకారాలాడాను. ఇంతకీ ఇన్నాళ్లూ ఏమంటన్నాడంట మామయ్య?"

మాధవీలత గిన్నె అడుగున మిగిలిన అన్నాన్ని వేళ్లతో దగ్గరికి చేస్తూ, తల ఎత్తలేదు.

"అమ్మాయి అన్నం తిన్నదా అంటన్నాడు" అంది.

ఆటోను వెనక్కి పంపేశారు. ఆ మధ్యాహ్నం తిన్నాడు, రాత్రీ తిన్నాడు. వారం తిరిగేసరికి బుగ్గల్లో కాస్త కండ పట్టింది. డాక్టరు మెచ్చుకున్నాడు. "లాయ్ గాబే" అన్న మాట మాత్రం పానకాలు నోట మళ్లీ ఎవరూ వినలేదు. అదే కాదు, ఇంకే మాటా వినలేదు.

"మజ్జిగ కావాలా నాన్నా?" అనడిగింది మాధవీలత ఒకరోజు.

"ఊఁ" అన్నాడు.

గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. "వద్దా?" అంది.

"ఊఁ" అన్నాడు.